ఆ పిల్లల బాధను ఇంటికి మోసుకొస్తున్నాను

ప్రశ్న: నా వయసు 36. బాలుర అబ్జర్వేషన్ హోమ్‌లో (కేసుల్లో చిక్కిన 18 ఏళ్లలోపు పిల్లలను విచారణ ముగిసేవరకు ఉంచే చోటు) కాంట్రాక్టు పద్ధతిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. దొంగతనం కేసులో వచ్చిన 16 ఏళ్ల అబ్బాయి ఒకడు నాతో మనసు విప్పి మాట్లాడేవాడు. బెయిల్ మీద వెళ్తూ, ‘ఇక మీకు కనిపించను మేడమ్’ అన్నాడు. రెండు నెలలు తిరగకముందే మరో కేసులో వచ్చాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా అబ్బాయికి 14 ఏళ్లు. వాడు ట్యూషన్ నుంచి రాగానే మత్తు కోసం పీల్చే సొల్యూషన్ వాసన వస్తుందేమోనని చొక్కా కాలరు వాసన చూస్తున్నాను, బ్యాగు వెతుకుతున్నాను. మొన్న హోమ్‌లో ఒక పిల్లవాడి మీదికి చెయ్యెత్తాను. కొట్టలేదు కానీ నా మీద నాకే భయం వేసింది. కేసు వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి ఇంట్లో ఏమీ చెప్పలేను. మావారు ‘ఆ జీతానికి ఇంత యాతన ఎందుకు, మానెయ్’ అంటున్నారు. ‘దొంగపిల్లల మధ్య ఉద్యోగం’ అని అత్తగారి ఎత్తిపొడుపు. నేను ఈ పనికి తగనా?

జవాబు: తగినవారే. తగనివారికి ఎత్తిన చేయి చూసి భయం వేయదు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ చేయే కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను.

మీకు కలిగింది కోపమని మీరు అనుకుంటున్నారు. నాకు అది అలసటలా కనిపిస్తోంది. రోజంతా దెబ్బల గురించి, తాగివచ్చే తండ్రుల గురించి, పోలీస్ స్టేషన్‌లో గడిపిన గంటల గురించి వినేవారికి ఆ గాయాలు కొంత అంటుకుంటాయి. నిద్ర చెదరడం, ప్రతి ఒక్కరినీ అనుమానించడం, ఉన్నట్టుండి మొరటుగా మారడం దాని గుర్తులే. మానసిక వైద్యంలో దీన్ని వృత్తి వల్ల వచ్చే సమస్యగానే చూస్తారు, మనిషి బలహీనతగా లెక్కగట్టరు. కానీ కారణం ఏదైనా అక్కడి పిల్లవాడికి దెబ్బ దెబ్బే. సంస్థల్లో పిల్లలను కొట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం నేరంగా పరిగణిస్తుంది. మళ్లీ చేయి లేచేలా అనిపిస్తే గదిలో ఉండకండి. పిల్లల బాగోగులు చూసే హౌస్ ఫాదర్‌నో, తోటి ఉద్యోగినో పిలిచి బయటికి వచ్చేయండి. ఆ రోజే సూపరింటెండెంటుకు చెప్పండి. దాచుకుంటే అది అలవాటుగా మారుతుంది. మొన్నటి ఆ పిల్లవాడితో కూడా ఒక మాట అనండి: ‘ఆ రోజు నీ మీదికి చెయ్యెత్తాను, అది తప్పు.’ పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం ఆ పిల్లల్లో చాలామంది చూసి ఉండరు.

ఇక తిరిగివచ్చిన అబ్బాయి. వాడి రాక మీ ఓటమి అనుకుంటున్నారు. ఒక్కసారి లెక్క చూడండి. చట్టం ప్రకారం విచారణ మామూలుగా నాలుగు నెలల్లో ముగియాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు. బెయిల్ వస్తే అంతకంటే ముందే వెళ్లిపోతాడు. ఆ కొద్ది వారాల్లో వారానికి ఒకటి రెండు గంటలు మీతో కూర్చున్నాడు. ఆ తర్వాత అదే వీధికి, దొంగిలించిన బండి చేతికిచ్చి పంపే అదే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి ఉంటాడు. బడి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. బయటికి వెళ్లిన పిల్లవాడిని కనిపెట్టి ఉండడం ప్రొబేషన్ అధికారిది, జిల్లా బాలల సంరక్షణ విభాగానిది. ఆ కొస తెగిపోయి ఉంటే అందుకు మీరు బాధ్యులు కారు. రెండోసారి వచ్చినప్పుడు వాడు మీతో మాట్లాడుతున్నాడా? మాట్లాడుతూ ఉంటే మీరు చేసిన పని నిలిచి ఉన్నట్లే. ఈసారి వాడి వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాసేటప్పుడు ‘సత్ప్రవర్తన అలవరచుకోవాలి’ లాంటి మాటలు వద్దు. విడుదలైన మర్నాడు ఉదయం వాడు ఎక్కడ నిద్ర లేస్తాడు, ఎవరితో పనికి వెళ్తాడు, మొదటి వారం ఎవరు ఫోను చేస్తారు అన్నది పేర్లతో సహా రాయండి. ప్రొబేషన్ అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.

గోప్యత విషయంలో మీరు చట్టం అడిగిన దానికంటే కఠినంగా మీకు మీరే గీత గీసుకున్నారు. పిల్లవాడి పేరు, ఊరు, బడి, ఫొటో, వాడెవరో తెలిసిపోయే ఏ వివరమూ బయటపెట్టకూడదు. కానీ మీ మనసు గురించి చెప్పుకోవద్దని ఏ చట్టమూ అనలేదు. ‘ఈ రోజు చాలా బరువైన విషయం విన్నాను, కాసేపు నాతో ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోండి’ అని భర్తను అడగవచ్చు. కేసు గురించే మాట్లాడాలనిపిస్తే దానికి చోటు హోమ్‌లోనే ఉండాలి. వారానికి ఒక గంట కౌన్సెలర్లు, ప్రొబేషన్ అధికారి, హౌస్ ఫాదర్లు కలిసి కూర్చునే ఏర్పాటు కావాలని సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ‘సంవాద్’ అనే విభాగం బాలల సంరక్షణలో పనిచేసేవారికి శిక్షణ ఇస్తోంది. దానికి మీ సిబ్బందిని పంపమని అదే కాగితంలో అడగండి. కాంట్రాక్టు ఉద్యోగులు ఇలాంటివి అడగడానికి జంకుతారు, ఆ జంకు నాకు అర్థమవుతుంది. అందుకే ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టి ఇవ్వండి.

మీ అబ్బాయి సంగతి ఈ రాత్రే తేల్చుకోవాలి. కాలరు వాసన చూసినప్పుడు వాడు ఏమీ అనకపోయినా, అమ్మ తనను దొంగలా చూస్తోందని వాడికి అర్థమయ్యే ఉంటుంది. ‘నా పనిలో చూసే విషయాల వల్ల భయపడి నిన్ను అనుమానించాను. ఇక నీ బ్యాగు వెతకను. ఏదైనా తెలుసుకోవాలంటే నిన్నే అడుగుతాను’ అని చెప్పండి. చెప్పాక మాట మీద ఉండండి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

రెండు వారాలు దాటినా నిద్ర సరిగా పట్టకపోతే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. అర్ధరాత్రి గుండె దడగా ఉంటే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు పిల్లలకు ఇచ్చే సలహాలే ఇవి, నాకు తెలుసు. మీరూ పాటించాలి.

ఉద్యోగం మానాలా వద్దా అన్నది నిద్ర లేని నెలలో తేల్చే విషయం కాదు. ముందు వారం రోజులు సెలవు పెట్టండి. పైన చెప్పిన వారపు సమావేశం మూడు నెలలు నడిచాక చూడండి. అప్పటికీ ఆ గేటు దగ్గరికి వెళ్తేనే కడుపులో దేవినట్లు ఉంటే మానేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బడి కౌన్సెలర్‌గానో, బాలల సంక్షేమ సమితితో కలిసి పనిచేసే సంస్థలోనో మీ అనుభవానికి చోటుంటుంది.

ఈ కాగితం మీ వారికి కూడా చూపించండి. అయ్యా, మీ ఆందోళన న్యాయమైనదే, ఆమె నలిగిపోతున్న మాట నిజం. కానీ ‘మానెయ్’ అన్న ప్రతిసారీ తన బాధ చెప్పుకునే దారి ఆమెకు మూసుకుపోతోంది. ఒక నెల పాటు ఆ మాట పక్కన పెట్టండి. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చిన తర్వాత అరగంట సేపు వంటింటి పని మీరు చూసుకోండి. అత్తగారు ‘దొంగపిల్లలు’ అన్నప్పుడు, విచారణ పూర్తికాని పిల్లవాడిని చట్టం కూడా దోషి అనదని మీ అమ్మగారికి మీరే చెప్పండి. ఆ మాట కోడలి నోటి నుంచి కంటే మీ నోటి నుంచి రావాలి.