లేయర్ కోళ్లకి వెల్లుల్లి, మునగాకు సరే, ముందు మొక్కజొన్న బస్తా ఇప్పి చూడండి

లేయర్ కోళ్ల, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్ల దాణాలో వెల్లుల్లి, మునగాకు, వాము లాంటివి కలిపితే అరుగుదల బాగుంటుందా అని అడిగారు. బాగుంటుంది. పర్లాకిమిడి దగ్గర మా షెడ్డులో ఏళ్లుగా కలుపుతున్నాం. కానీ చెడిపోయిన దాణాలో ఏ ఆకు కలిపినా డబ్బులు దండగే.

ఒక వానాకాలం, మహేంద్రతనయ నిండుగా పారుతున్న రోజుల్లో, మా కోళ్లకి రెట్ట నీళ్లలా పడటం మొదలైంది. పుల్లతో కెలికి చూస్తే మొక్కజొన్న ముక్కలు అరక్కుండా అలాగే ఉన్నాయి. అప్పుడే మందుల ఏజెంట్ ఒకాయన హెర్బల్ లివర్ టానిక్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద నేలవేము, నేల ఉసిరి బొమ్మలు ఉన్నాయి గానీ ఏది ఎంత కలిపారో ఎక్కడా రాసి లేదు. కోళ్లకే కదా అని ఇలా అమ్మడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఆ గుడ్డు తినేది మన పిల్లలే. దాణాలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడొద్దని 2019లో కేంద్రం నిషేధించింది, మంచి పనే, కానీ ఆ తర్వాత మా వైపు ఇలాంటి డబ్బాలు మరీ ఎక్కువయ్యాయి.

పెరటి కోళ్లు పెంచిన మా పిన్ని ఆ డబ్బా వైపు చూడనే లేదు. "ముందు ఆ బస్తా ఇప్పి వాసన చూడు నాన్నా" అంది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, గింజ మొన దగ్గర ఆకుపచ్చ బూజు. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్నే కొడుతుంది, ఇక తిన్నది ఒంటికి ఎలా పడుతుంది? తేమ 14 శాతం దాటిన మొక్కజొన్న నిల్వకి పనికిరాదని వ్యాపారులందరికీ తెలుసు, అయినా తూకం కోసం పచ్చిగానే బస్తాలకెత్తేస్తారు.

ఆ బస్తాలన్నీ తీసేసి, బాగా ఎండిన గింజ తెచ్చి, మరలో మెత్తటి పిండి కాకుండా బరకగా ఆడించాం. కోడికి పళ్లు లేవు, నూరేది కందనకాయే, దానికి పని ఉండాలి. సున్నపురాయి గ్రిట్ కూడా కాస్త పెద్ద పలుకులుంటేనే మేలు, కందనకాయలో నిలిచి రాత్రి గుడ్డు పెంకు కట్టే వేళ నెమ్మదిగా కరుగుతుంది. రెట్ట గట్టిపడ్డాకే వెల్లుల్లి మొదలుపెట్టాం, క్వింటాలు దాణాకి అర కిలో పొడి. కోళ్లు దాణా మీద ఎగబడి తిన్నాయి, షెడ్డులో ఆ ఘాటు కంపు కూడా తగ్గింది. అది వెల్లుల్లి చలవే అని నా గట్టి నమ్మకం.

మునగాకు నీడలో ఆరబెట్టి పొడి చేయండి, సొన రంగు ఎక్కుతుంది. అలాగని ఎక్కువ పోయకండి, పీచు పెరిగితే మళ్లీ అరుగుదలకే దెబ్బ. సుబాబుల్ ఆకు ఊరికే దొరుకుతోంది కదా అని మాత్రం కలపొద్దు, అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది.

ఇంకొకటి, మామూలు రెట్టల మధ్య అప్పుడప్పుడు జిగటగా, గోధుమ రంగులో, బాగా కంపు కొట్టే రెట్ట కనబడితే టెన్షన్ పడకండి. అది చిన్నపేగు చివర ఉండే రెండు తిత్తుల నుంచి వచ్చేది, ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా వేస్తుంది. దానికి మందు అమ్మడానికి ఎవరైనా వస్తే పంపించేయండి.