క్లబ్బు మేనేజరు ఎవరికి జవాబుదారీ?

ఒంగోలులో ఒక క్లబ్బులో మేనేజరుగా చేరబోతున్న మీరు, కార్యదర్శి చెప్పినదల్లా చేయాలా అని అడిగారు. అక్కర్లేదు. మీ జీతం సభ్యులందరి చందాల్లోంచి వస్తుంది. మీరు కమిటీ తీర్మానానికి కట్టుబడాలి, ఒక్కరి నోటిమాటకు కాదు.

అసలు పరీక్ష పేకాట గదిలో ఎదురవుతుంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో చెప్పింది. గదికీ పేకముక్కలకూ మామూలు రుసుము తీసుకోవడాన్ని తప్పుపట్టలేదు. అయితే పందెం ఆట మీద క్లబ్బు లాభం చేసుకుంటే నేరం కావచ్చనీ అదే తీర్పులో ఉంది. రుసుము పందెంలో వాటాగా మారుతోందంటే, ఎంత పెద్దమనిషి చెప్పినా వసూలు చేయకండి. అభ్యంతరం రాసిచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

దీపావళికి సరుకుల వ్యాపారి మిఠాయి పెట్టె కింద కవరు పెట్టి ఇస్తాడు. అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఆ డబ్బు తర్వాత బియ్యం, నూనె ధరల్లో కలిసి సభ్యుల నెత్తినే పడుతుంది.

సభ్యుల బాకీలు, రాకపోకలు ఎవరికీ చెప్పకండి, ఇంటివాళ్లు ఫోను చేసి అడిగినా సరే. కమిటీ ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితా పోటీ వర్గాలన్నిటికీ ఒకే రోజు, సంతకం తీసుకుని ఇవ్వండి.