జైలు, కుక్కపిల్లలు, మీ అమ్మాయి కెరీర్

గాజువాక నుంచి ఒక అమ్మ రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ ఆఖరి ఏడాది. విదేశాల్లో ఖైదీల చేత కుక్కల్నీ పిల్లుల్నీ పెంచిస్తారట, డిగ్రీ అయ్యాక ఆ పనే చేస్తానంటోంది. జైలు పేరెత్తితే వాళ్ల నాన్నగారు మండిపడుతున్నారు. ఇదీ ఒక కెరీరేనా అండీ?"

అమ్మా, ఇది మీ అమ్మాయి కల్పించుకున్న పని కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక మహిళా జైల్లో 1981 నుంచే కుక్కలకి శిక్షణ ఇప్పిస్తున్నారు. న్యూయార్క్‌లో 1997లో మొదలైన పపీస్ బిహైండ్ బార్స్ అనే సంస్థ ఎనిమిది వారాల కుక్కపిల్లల్ని ఖైదీల చేతికిస్తుంది, అవి వాళ్ల గదుల్లోనే పెరుగుతాయి. ఇండియానాలోని పెండిల్టన్ జైల్లో 2015 నుంచి షెల్టర్ (దిక్కులేని జంతువుల్ని ఉంచే చోటు) పిల్లుల్ని చూసుకుంటున్నది ఖైదీలే. జంతువుల్ని హింసించిన కేసున్నవాళ్లని అక్కడ దగ్గరికి రానివ్వరు.

జైల్లోనే ఎందుకంటే, ఇది చాలా ఓపిక కావాల్సిన పని. కళ్లు తెరవని పిల్లికూనకి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, అర్ధరాత్రి కూడా. ఆవుపాలు పడవు, దానికి వేరే పాలపొడి ఉంటుంది. మన పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి బోర్లా ఉంచే పట్టాలి, తాగాక తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే తప్ప అది ఒంటికి కూడా పోసుకోలేదు. షెల్టర్లో అంత టైమ్ ఎవరికి ఉంటుంది? జైల్లో ఉన్నది టైమే కదా. తనని నమ్ముకుని ఒక ప్రాణం బతుకుతోందన్న సంగతి ఆ ఖైదీకి ఎంత అవసరమో మీ అమ్మాయికి అర్థమైంది, నాకు అది చాలా పెద్ద విషయం.

ఇక ఉద్యోగం సంగతి. ఈ పేరుతో నోటిఫికేషన్ వస్తుందని కూర్చుంటే కుదరదు. అటు ఖైదీలు, ఇటు జంతువులు, రెండింటిలో ఒకటి ముందు గట్టిగా నేర్చుకోవాలి. వెటర్నరీ అంటే మళ్లీ నీట్, ఆపైన ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఇప్పుడు వెనక్కి వెళ్లమని నేను చెప్పను. తనకి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) సరిపోతుంది, రెండేళ్లు, ఏ డిగ్రీ అయినా పర్వాలేదు, మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది, ఏపీ పీజీసెట్ రాయాలి. ముంబై టిస్‌కి (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కూడా ట్రై చేయమనండి, అక్కడి 'ప్రయాస్' అనే ప్రాజెక్టు 1990 నుంచి జైళ్లలో ఉన్నవాళ్లతో పనిచేస్తోంది. ఆ చదువుతో ఖైదీల పునరావాసం, బాలల సంరక్షణ, ఎన్జీవోలు, ఇలా చాలా దారులుంటాయి, కాబట్టి జంతువుల ప్రోగ్రామ్ దొరక్కపోయినా ఇంట్లో ఖాళీగా కూర్చోదు. జీతం మొదట్లో తక్కువే, అది దాచను.

వాళ్ల నాన్నగారి టెన్షన్ నాకు తెలుసు. హనుమంతవాక నుంచి సింహాచలం వెళ్లే దారిలో సెంట్రల్ జైలు గోడ చూసినప్పుడల్లా లోపల మనుషులున్నారని మనకి తట్టదు. కానీ ఇలాంటి పనికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు, జైలు అధికారుల అనుమతితో, సంస్థ తరఫునే వెళ్తారు.

ముందు ఒక రెండు నెలలు ఆదివారాలు విశాఖ ఎస్‌పీసీఏ (జంతు సంరక్షణ సంస్థ) లాంటి షెల్టర్లో పని అడగమనండి, గూళ్లు కడగడంతో మొదలుపెట్టి. అంతకంటే ముందు డాక్టర్‌ని అడిగి రేబిస్ టీకాలు వేయించండి, కరిచాక కాదు, ఇప్పుడే. ఆ రెండు నెలలయ్యాక కూడా ఇదే మాట మీద ఉంటే పీజీసెట్ ఫీజు కట్టేయండి. వాళ్ల నాన్నగారిని కూడా ఒక ఆదివారం వెంట పంపండి.