పాత కారుకు పెద్ద బ్రేకులు: ఆర్టీవో అనుమతి కావాలా?

సందేహం: మాది తణుకు. మా నాన్నగారు 2007 మార్చిలో కొన్న మారుతి 800 ఇంకా మా దగ్గరే ఉంది. 2022లో ఆర్సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. మొన్న సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడి సగానికి పైగా లోపలికి పోయింది. ఎలాగో కిందికి దిగాం. మా మెకానిక్ ముందు చక్రాలకు పెద్ద కారు డిస్కులు, కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), వాటికి సరిపడా 13 అంగుళాల వీల్స్ వేసి, వెనక డ్రమ్ములు తీసేసి అక్కడా డిస్కులు పెడతానంటున్నాడు. 38 వేలు అవుతుందట. అలా చేయిస్తే పోలీసులు బండి సీజ్ చేస్తారని మా బావమరిది అంటున్నాడు. ఆర్టీవో పర్మిషన్ తీసుకోవాలా? ఇన్సూరెన్స్ చెల్లుతుందా? – ఒక పాఠకుడు

సమాధానం: ‘బ్రేకులు మార్చాను’ అని మనం రెండు పనులకూ అంటాం. అరిగిన ప్యాడ్లు తీసి కొత్తవి వేసినా అదే మాట, బ్రేకుల రకమే మార్చేసినా అదే మాట. చట్టం దృష్టిలో మొదటిది రిపేరు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన సైజు డిస్కు, ప్యాడ్లు, షూలు, హోసులు, బ్రేక్ ఆయిల్ ఏ మంచి బ్రాండువైనా వేయించుకోవచ్చు. మీ మెకానిక్ చెబుతున్నది రెండోది. చిక్కంతా దానితోనే.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. ‘ఆర్సీలో బ్రేకుల కాలమే లేదు కదా, తేడా ఎక్కడినుంచి వస్తుంది?’ అని మీరు అడగొచ్చు. నిజమే. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్లు, బరువు, ఇంధనం లాంటివి ఉంటాయిగానీ డిస్కు సైజు ఉండదు. పాత రోజుల్లో అయితే నేను కూడా కోర్టులో ఈ వాదనే వినిపించేవాణ్ని. కానీ 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఆర్టీవో వర్సెస్ కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ అసలు ఉద్దేశం తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ చెడకుండా చూడటమేనని తేల్చింది. కంపెనీ ఒక మోడల్‌కు ప్రోటోటైప్ టెస్టు, అంటే నమూనా బండికి పరీక్ష, చేయించి ఆమోదం తెచ్చుకుంటుంది, బ్రేకులూ అందులో భాగమే. షెడ్డులో కూర్చిన డిస్కుకు ఆ టెస్టు ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు.

అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్‌ను కొత్తగా రాశారు. అనుమతి లేని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి, కొత్త భాగాలు తెచ్చి బిగించడం కూడా అందులోకే వస్తుంది, ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మీ మెకానిక్ ప్లాన్‌లో ముందు డిస్కులు, వీల్స్, వెనక డిస్కులు అని లెక్కపెడితే ఎన్ని మార్పులవుతాయో చూసుకోండి.

అనుమతి తెచ్చుకుని చేయించుకోలేమా అంటే, సీఎన్‌జీ కిట్‌కు దారి ఉంది. దివ్యాంగులు నడపడానికి వీలుగా కారు మార్పించుకోవడానికీ ఉంది. మెకానిక్ నాలుగు కార్ల సామాను కలిపి కూర్చిన బ్రేకులకు మాత్రం అలాంటి ఆమోదం దొరుకుతుందని మీకు ఆశ పెట్టలేను.

మీ బావమరిది భయం కొంత ఎక్కువే. బండి సీజ్ చేసే అధికారం సెక్షన్ 207లో ఉంది. అది ముఖ్యంగా రిజిస్ట్రేషన్, లైసెన్స్, పర్మిట్ లేనివాళ్ల కోసం. చక్రం వెనక ఉన్న డిస్కును వంగి చూసే ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను నా సర్వీసులో చూడలేదు. ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) దాటి బయటికొచ్చిన వీల్స్ మాత్రం దూరం నుంచే కనిపిస్తాయి. అయితే బండి వల్ల జనానికి ప్రమాదం ఉందనుకుంటే సెక్షన్ 53 కింద ఆర్సీ సస్పెండ్ చేసే అధికారం ఆర్టీవోకు ఉందని గుర్తుంచుకోండి.

నా టెన్షన్ చలానా గురించి కాదు, యాక్సిడెంట్ జరిగిన మర్నాటి గురించి. మన ఊళ్లలో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అని ఊరికే అనరు. యాక్సిడెంట్ కేసు నమోదయితే ఆయన బండి చూసి రిపోర్టు రాస్తారు. మెకానికల్ లోపం వల్ల జరిగిందా లేదా అన్న ఒక్క వాక్యం క్రిమినల్ కోర్టుకూ, యాక్సిడెంట్ పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కూ, ఇన్సూరెన్స్ కంపెనీకీ వెళ్తుంది. చాలా కేసుల్లో ‘లోపం లేదు’ అనే ఉంటుంది. ‘బ్రేకులు కంపెనీవి కావు, మార్చారు’ అని ఉంటే? ప్రాణం పోయిన కేసైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడే అవకాశం ఉంటుంది. ‘బ్రేక్ ఫెయిలైంది, నా తప్పు కాదు’ అన్న వాదన అప్పుడు మీకే ఎదురు తిరుగుతుంది. మెకానికల్ లోపమని చెప్పేవాళ్లే దాన్ని నిరూపించాలని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఆ లోపం బయటపడలేదని చూపించాలని మిను బి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. బిల్లు లేకుండా షెడ్డులో చేయించిన పనికి ఆ జాగ్రత్త ఎలా చూపిస్తారు?

ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలున్నాయి. అవతలివాళ్లకు దెబ్బ తగిలితే ఇచ్చే థర్డ్ పార్టీ పరిహారం అంత తేలిగ్గా ఆగదు. కంపెనీ ఏయే కారణాలతో తప్పుకోవచ్చో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో రాసి ఉంది. అందులో ‘బ్రేకులు మార్చారు’ అన్న మాట లేదు. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారని వాదించవచ్చు గానీ, షరతు ఉల్లంఘన జరిగిందని, అదే యాక్సిడెంట్‌కు ప్రధాన కారణమని కంపెనీయే రుజువు చేయాలని స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు (2004) చెబుతోంది. ఒకవేళ రుజువైనా బాధితులకు ముందు చెల్లించి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పడం మామూలే. అంటే బాధితులకు న్యాయం జరుగుతుంది, బిల్లు మీ ఇంటికొస్తుంది. మీ సొంత కారు డ్యామేజీ సంగతి వేరు. వాహనాన్ని మంచి కండిషన్‌లో ఉంచాలన్న షరతు పాలసీలోనే ఉంటుంది, డ్యామేజీ లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ దాన్ని పట్టుకుంటాడు. ఇంత పాత బండికి మీరు ఓన్ డ్యామేజ్ కవర్ తీసుకున్నారో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

ఇక నేనేం చేస్తానంటే, ఆ 38 వేలు పక్కన పెట్టి ముందు ఉన్న బ్రేకులను కంపెనీ లెక్కకు తెప్పిస్తాను. నేను మెకానిక్‌ను కాను. కానీ ఇన్నేళ్లుగా ఆ రిపోర్టులు చదివీ చదివీ ఒకటి అర్థమైంది: ఘాట్‌లో పెడల్ మెత్తబడటం తరచుగా పాత బ్రేక్ ఆయిల్ పనే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వరసగా బ్రేక్ తొక్కుతూ దిగితే వేడికి ఆ నీరు ఆవిరై బుడగలు కడుతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలన్నది చాలామంది యజమానులు వినని మాట. డిస్కులు, ప్యాడ్లు, వెనక షూలు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, ఆయిల్ అన్నీ కొత్తవి వేయించి, టైర్లు చూసుకుని, ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. వెనక డిస్కుల ఆలోచన మాత్రం పూర్తిగా మానేయండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వది పెడల్ బ్రేక్‌తో పాటు విడిగా పార్కింగ్ బ్రేక్ కూడా ఉండాలంటుంది. మీ కారు హ్యాండ్ బ్రేక్ పనిచేసేది ఆ వెనక డ్రమ్ముల్లోనే. డ్రమ్ములు తీసేస్తే హ్యాండ్ బ్రేక్ ఎక్కడ పెడతాడో మీ మెకానిక్‌ను అడగండి.

ఏ పని చేయించినా పార్టు నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. తీసేసిన పాత సామాను అక్కడే వదిలేయకండి. నా దగ్గరికి వచ్చిన ఒక క్లయింటు బ్రేక్ పని చేయించిన వారానికే పెడల్ పడిపోయిందని వచ్చాడు. అప్పటికే ఇంకో షెడ్డులో బాగు చేయించేసుకున్నాడు, చెడిన సిలిండర్ స్క్రాప్‌లో పోయింది. చేతిలో కాగితమూ లేదు, వస్తువూ లేదు. పని చెడితే ముందు ఫొటోలు, వీడియో తీసి, మరో మెకానిక్‌తో రాతపూర్వకంగా కారణం రాయించుకున్నాకే రిపేరు చేయించాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు.

మీ ఆర్సీ 2027 మార్చిలో ముగుస్తుంది కాబట్టి గడువుకు ముందు 60 రోజుల్లో ఫారం 25లో రెన్యువల్ దరఖాస్తు ఇవ్వాలి. 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు ఇప్పుడు 10 వేలు. కంపెనీ బ్రేకులతో వెళితే ఆ ఫీజు, బ్రేక్ టెస్టు తప్ప ఆ రోజు మీకు వేరే పని ఉండదు. మెకానిక్ బ్రేకులతో వెళితే, ఆ డిస్కులు ఎక్కడివని ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్నకు జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి.