ఎవరికి అవసరమైతే?

తమ్ముడూ,

వాల్యూమ్ అనే క్లౌడ్ డిస్కును సర్వర్‌లో ఒక ఫోల్డర్‌గా తెరిచే (అంటే మౌంట్ చేసే) టూల్ గురించి, ఏఐ ఏజెంట్ చదవడానికి నువ్వు రాసి పంపిన డ్రాఫ్టు మొత్తం చదివాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. పారామీటర్ల పట్టిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఏం రాశావో ఒకసారి చూసుకో: "ఫార్మాట్_ఇఫ్_నీడెడ్: అవసరమైతే వాల్యూమ్‌ను ఫార్మాట్ చేస్తుంది. డిఫాల్ట్: ట్రూ."

ఎవరికి అవసరమైతే? ఆ అవసరాన్ని తేల్చేది ఎవరు?

మనిషి చదివే మాన్యువల్ అయితే ఇక్కడ చెయ్యి ఆగుతుంది, పక్క సీటువాణ్ణి అడుగుతాడు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు. టూల్ గురించి దానికి తెలిసేదల్లా టూల్ పేరు, నువ్వు రాసిన డిస్క్రిప్షన్, కింద ఉన్న జేసన్ స్కీమా, అంటే ఇన్‌పుట్ల పట్టిక. నువ్వు వదిలేసిన ఖాళీని అది తనకు తోచినట్టు పూరించుకుంటుంది.

ఎలా పూరిస్తుందో చూడు. అమెజాన్ క్లౌడ్‌లో ఒక ఈసీ2 సర్వర్ బూట్ కావడం లేదు. దాని రూట్ డిస్క్ (సిస్టమ్ ఉండే డిస్కు) స్నాప్‌షాట్ నుంచి, అంటే నకలు నుంచి, కొత్త ఈబీఎస్ వాల్యూమ్ (అమెజాన్ క్లౌడ్ డిస్కు) చేసి, అదే ఇమేజ్‌తో లేపిన ఇంకో సర్వర్‌కి తగిలించి, ఫైళ్లు బయటికి తియ్యమని ఏజెంట్‌కి చెప్పారు. మామూలు పనే. ఏజెంట్ ఆ కొత్త డిస్కును, అంటే /డెవ్/ఎన్‌వీఎంఈ1ఎన్1ని, మౌంట్ చేయబోతే "రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని వస్తుంది. ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను అమర్చే ఏర్పాటు) ఉన్నది మొత్తం డిస్క్ మీద కాదు, ఎన్‌వీఎంఈ1ఎన్1పీ1 అనే పార్టిషన్ మీద, అంటే డిస్కులో ఒక భాగం మీద. సరే, పార్టిషన్ పేరే ఇచ్చాం. మళ్లీ అదే ఎర్రర్. ఈసారి సంగతి వేరు: రెండు డిస్కులూ ఒకే ఇమేజ్ సంతానం, రెండింటి ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఒకటే, లినక్స్ కెర్నల్ ఒప్పుకోదు. నోయూయూఐడీ ఆప్షన్ ఇస్తే ఎక్కుతుంది. అసలేమీ లేని కొత్త డిస్క్‌కి వచ్చేదీ ఇదే ఎర్రర్! మూడు జబ్బులకీ ఒకటే దగ్గు. పార్టిషన్ ఉందో లేదో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కమాండ్ చూపిస్తుంది, యూయూఐడీ గొడవ డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల్లో) తేలుతుంది.

నీ పట్టిక చదివిన ఏజెంట్ ఆ ఒక్క లైన్ చూసి "ఫైల్‌సిస్టమ్ లేదు, ఫార్మాట్ అవసరం" అనుకుంటుంది. ఫార్మాట్ చేసే కమాండ్ ఎంకేఎఫ్ఎస్.ఎక్స్ఎఫ్ఎస్ కాస్త మంచిది, పాత ఫైల్‌సిస్టమో పార్టిషన్ టేబులో కనిపిస్తే ఆగుతుంది. ఆగుతూనే, బలవంతంగా రాయాలంటే -ఎఫ్ వాడమని సలహా కూడా ఇచ్చి ఆగుతుంది. మనకది హెచ్చరిక. ఏజెంట్ దాన్ని తర్వాతి స్టెప్ అనుకుంటుంది. డేటా అక్కడితో సరి.

అందుకని డిఫాల్ట్ ఫాల్స్ చేయించు. వీలైతే ఫార్మాట్‌ని వేరే టూల్‌గా విడగొట్టమను. డెవలపర్ కాదంటే గొడవపడు, అది కూడా మన పనే. ఏజెంట్లకి టూల్స్ అందించే పద్ధతి ఎంసీపీలో, ఈ టూల్ డేటా చెరపవచ్చు అని చెప్పే డిస్ట్రక్టివ్‌హింట్ అని ఒకటుంది కదా అంటాడు. పెట్టమను, కానీ పేరులోనే ఉంది, అది హింట్ మాత్రమే. తాళం కాదు.

రెండో తప్పు ఇంకా మెత్తగా ఉంది. తగిలించడానికీ మౌంట్ చేయడానికీ డ్రాఫ్టంతా ఒకటే మాట వాడావు. తగిలించడం క్లౌడ్ ఏపీఐ పని, మౌంట్ చేయడం సర్వర్ లోపలి పని. ఏపీఐ "అటాచ్డ్" అంది కదాని ఏజెంట్ మౌంట్ కావాల్సిన /డేటా ఫోల్డర్‌లో ఫైళ్లు రాయడం మొదలెడితే అవి పడేది రూట్ డిస్క్ మీద. ఎర్రర్ రాదు. తర్వాత ఎవరో నిజంగా మౌంట్ చేశాక ఆ ఫైళ్లు కనపడవు. పోలేదు, మౌంట్ కింద దాక్కున్నాయి. రూట్ డిస్క్ మాత్రం నిండిపోతూ ఉంటుంది. టూల్ "విజయవంతం" అనే ముందు ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో సరిచూస్తుందా లేదా? అది డిస్క్రిప్షన్‌లో ఉండాలి.

డిస్క్రిప్షన్ మొదటి వాక్యంగా "క్లౌడ్ స్టోరేజీని సులభంగా, సజావుగా మౌంట్ చేస్తుంది" అన్నావు. ఇలా రాయి: "ఇప్పటికే తగిలించి ఉన్న, ఫైల్‌సిస్టమ్ ఉన్న ఈబీఎస్ వాల్యూమ్‌ను ఇచ్చిన ఫోల్డర్‌లో మౌంట్ చేస్తుంది. వాల్యూమ్‌ను సృష్టించదు, తగిలించదు, ఫార్మాట్ చేయదు. ఫోల్డర్ ఖాళీగా లేకపోతే ఆగిపోయి ఎర్రర్ ఇస్తుంది." ఏం చేయదో చెప్పే వాక్యాలు నెగటివ్‌గా ఉన్నాయని కొట్టేసే ఎడిటర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లకి "సీమ్‌లెస్" కావాలి. వాళ్ల మాట వినకు.

డివైస్ పేరు ఇన్‌పుట్‌గా అడగొద్దు. తగిలించేటప్పుడు /డెవ్/ఎస్‌డీఎఫ్ అన్నా నైట్రో రకం ఈసీ2 సర్వర్లలో అది ఎన్‌వీఎంఈ పేరుతో వస్తుంది, రీబూట్ తర్వాత ఆ అంకె మారినా మారవచ్చు. వాల్యూమ్ ఐడీ అడుగు. ఎన్‌వీఎంఈ సీరియల్ నంబర్‌లో అదే ఉంటుంది, హైఫన్ తీసేసి. బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్ లైన్‌లో యూయూఐడీతో పాటు నోఫెయిల్ తప్పనిసరి. అది లేకపోతే, వాల్యూమ్ విప్పేసిన రోజు సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కూడా అందదు. జోన్ (రీజియన్‌లో ఒక భాగం) సంగతి ఒక్క లైన్ చాలు: హైదరాబాద్ రీజియన్‌లోనైనా 2ఏ జోన్ వాల్యూమ్ 2బీ సర్వర్‌కి తగలదు.

ఎర్రర్ల పేజీలో "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని ఉంది. ఏజెంట్‌తో ఆ మాట అనకూడదు, నిజంగానే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. పైన చెప్పిన మూడు కారణాలకీ మూడు వేర్వేరు ఎర్రర్లు రాయి, ఒక్కోదాని కింద తర్వాత ఏ టూల్ పిలవాలో, ఎక్కడ ఆగి మనిషిని అడగాలో చెప్పు.

టెంప్లేట్ల గురించీ, జీతం గురించీ కూడా అడిగావు. అవి ఇంకోసారి.

ముందు 1 జీబీ వాల్యూమ్ ఒకటి చేసుకో. పార్టిషన్ పెట్టి, ఎక్స్ఎఫ్ఎస్ వేసి, స్నాప్‌షాట్ తీసి, దాన్నుంచి చేసిన రెండో వాల్యూమ్‌ని అదే సర్వర్‌కి తగిలించు. మొదటిది మౌంట్‌లో ఉండగానే రెండోదాన్ని మౌంట్ చేసి చూడు. డీమెసేజ్ చివరి పది లైన్లు, తిరగరాసిన పట్టిక, రెండూ కలిపి పంపు.

మీ అన్నయ్య