తడి ఉన్న చోట లీకు ఉండదు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి,

చిత్తూరు నుంచి మామ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి మళ్లీ మళ్లీ చూశాను. నీ చిన్న విమానం ఇంజిన్ అడుగంతా ఆయిలే. చాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టులన్నీ ఇంకో చుట్టు బిగించానని రాశావు. ఆ పని ఇక్కడితో ఆపు. ఆరు ఎంఎం బోల్టులవి, మరలు పోతే ఇంకో రోగం తగులుకుంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లోని నోమ్, లె రోన్ రోటరీ ఇంజిన్లలో సిలిండర్లే ప్రొపెల్లరుతో కలిసి గిరగిరా తిరిగేవి. వాటిలో పోసిన ఆముదం తిరిగి రాదు, ఎగ్జాస్టుతో బయటికి పోవాల్సిందే. నీదాన్ని కూడా రోటరీ అనే అంటారు గానీ అది వేరు. నీది వాంకెల్, అంటే పిస్టన్ల బదులు లోపల మూడు మూలల రోటర్లు తిరిగే రకం, మాజ్డా కారు ఇంజిన్ 13బి. ఆ రోటరు మూలల్లో ఉండే అపెక్స్ సీళ్ల కోసం కొంచెం ఆయిల్ లోపల కాలుతుంది, అది సహజం. బయట మాత్రం చుక్క కనపడకూడదు. దీని ఎగ్జాస్టు మామూలు ఇంజిన్ కన్నా వేడి. దానిమీద ఆయిల్ పడితే గాల్లో మంట పుడుతుంది.

కారే చోటు ఎప్పుడూ పైనుంటుంది. ఆయిల్ కిందికి జారుతుంది, ప్రొపెల్లరు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకని ముందు కిరసనాయిలుతో ఇంజినంతా కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనీ. ముఖానికి రాసే పౌడరు పలచని గుడ్డలో మూటగట్టి, తట్టుతూ అంతటా చల్లు. చక్రాలకు అడ్డాలు పెట్టి ఐదు నిమిషాలు నడిపి, ఆపి, ఇగ్నిషన్ తీసేశాకే దగ్గరికి పో. టార్చి వేసి చూడు. తెల్లటి పొడి మీద ఆవగింజంత మచ్చ, తడిసిన సున్నం రంగులో, దాని కింద సన్నటి గీత. ఆ గీత ఎక్కడ మొదలైతే లీకు అక్కడ. అంతకన్నా ముందు, ఇంజిన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టంలో నోటితో ఊది చూడు. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీలు కూడా కారుతుంది.

చాంబర్ అంచులోనే అయితే విప్పి, పాత పేస్టు గీకి, థిన్నరుతో తుడిచి, కొత్త సిలికాన్ సన్నగా ఒక్క గీతే వెయ్యి. రేణిగుంట ఎండకు పేస్టు తొందరగా పొర కడుతుంది, తెల్లారే పెట్టుకో. ఎక్కువ పూయొద్దు. సర్వీసులో కొత్తగా చేరినప్పుడు ఒక పిస్టన్ ఇంజిన్‌కు నేను దట్టంగా పూశాను. లోపలికి పిండుకుపోయిన ముక్క ఊడి, ఆయిల్ పీల్చే గొట్టం జాలీకి అడ్డం పడింది. ఆయిల్ ప్రెజరు ముల్లు పడిపోతుంటే నా చేతులు వణికాయి. నేలమీద ఉన్నాం కాబట్టి సరిపోయింది.

గీత ఇంజిన్ ఒంటి ముక్కలు, అంటే రెండు హౌసింగుల అతుకు దగ్గర మొదలైతే మాత్రం స్పానరు ముట్టొద్దు. ఐదు ముక్కల్ని అట్ల దొంతరలా పేర్చి, 18 పొడవాటి బోల్టులతో పట్టి ఉంచారు. వాటిని వరసలో నిలిపే బోలు పిన్నుల చుట్టూ చిన్న ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు సీళ్లు) ఉంటాయి. ఆ బోలులోంచే ఆయిల్ పోతుంది. ఇనుము, అల్యూమినియం వేడికి ఒకేలా వ్యాకోచించవు, ఆ రాపిడికి పాత నైట్రైల్ రబ్బరు పెళుసెక్కి చిట్లుతుంది. వేడికి తట్టుకునే వైటాన్ రబ్బరు రింగులు తెప్పించు. దొంతర మొత్తం విప్పాలి, నువ్వొక్కడివే మొదలుపెట్టకు. ఆదివారం తొలి బస్సుకు వస్తున్నాను, టార్క్ రెంచి నాదే తెస్తాను.

ఇట్లు,
మీ మామ