పెద్దల కాగితం ఉంది, విడాకులైనట్టేనా?

ప్రశ్న: 2020లో కులపెద్దల సమక్షంలో నేనూ నా భార్యా విడిపోయాం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం. ఒరిజినల్ పోయింది, జిరాక్స్ ఉంది. ఇన్నేళ్ల ఒంటరితనం తర్వాత ఒక సంబంధం కుదిరింది. ఇప్పుడు నా మొదటి భార్య వాళ్ల అన్న కేసు పెడతానంటున్నాడు. ఒకటే టెన్షన్. పాత తేదీతో మళ్లీ కాగితం రాయించుకోవచ్చా? తరాల నాటి కట్టుబాటుకు కోర్టులో విలువ లేకపోతే మనుషులు అసలు కట్టుబాట్లు ఎందుకు పెట్టుకున్నట్టు?

జవాబు: మీ కేసు తేలేది ఆ చివరి ప్రశ్న దగ్గరే. ఆలుమగలు విడిపోతే పెట్టుపోతలు ఎవరికి, పిల్లలు ఎవరి దగ్గర, మారుమనువు ఎప్పుడు అన్న తగువు ప్రతి ఊళ్లోనూ ఉండేది. ఇంటికో తీర్పు చెబితే రేపు ఎవరూ పిల్లనివ్వరు. అందుకే అందరికీ ఒకటే పద్ధతి పెట్టుకున్నారు. చాలాకాలం, ఎడతెగకుండా, ఒకేలా పాటిస్తేనే అది ఆచారం. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 3 కూడా అదే అంటుంది. ఆచారం ప్రకారం వచ్చే విడాకుల హక్కును సెక్షన్ 29(2) కాపాడింది. రామనాథపురం జమీందారీ కేసులో 1868లోనే అప్పటి పై అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్, స్పష్టంగా రుజువైన ఆచారం శాస్త్రవచనాన్ని మించుతుందని చెప్పింది.

“రుజువైన” అన్న మాట దగ్గర ఆగండి. నలుగురు ఒక పూట కూర్చుని రాసింది ఒప్పందం మాత్రమే. దానితో పెళ్లి తెగదు. మీ కులంలో ఇలా విడిపోయి, మళ్లీ పెళ్లిళ్లు చేసుకుని, ఎవరి అభ్యంతరమూ లేకుండా బతికినవాళ్లు ఎవరు? ఏ ఏళ్లలో? ఆ పేర్లు కావాలి, కోర్టుకు వచ్చి చెప్పే ముసలివాళ్లు కావాలి, సంఘం మినిట్స్ పుస్తకం ఉంటే అదీ కావాలి. మీరు రాసిన ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. బతుకంతా ఆధారపడే కాగితాన్ని పోగొట్టుకోవడం ఏమిటండీ!

పాత తేదీ ఆలోచన ఈ క్షణమే మానండి. స్టాంపు కాగితం ఎప్పుడు అమ్మారో దాని వెనకే ఉంటుంది. ఇప్పుడున్నది పెళ్లి తగాదా, అప్పుడు ఫోర్జరీ కేసు కూడా తోడవుతుంది. గుళ్లో గుట్టుగా తాళి కట్టేద్దామనీ అనుకోవద్దు. ఆచారం రుజువు కాకపోతే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. మీ మొదటి భార్య తరఫున ఆమె అన్న కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆ నేరానికి కాలపరిమితి లేదు, పదేళ్ల తర్వాతైనా కేసు వస్తుంది.

ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి కింద పరస్పర అంగీకార విడాకులకు వేయండి. ఏడాదికి పైగా వేరుగా ఉన్నారు కాబట్టి అర్హత ఉంది. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకోకపోతే పైన చెప్పిన సాక్ష్యం పోగుచేసి, ఆచారాన్ని వివరంగా ప్లీడింగ్‌లో (కోర్టుకిచ్చే దావా కాగితంలో) రాయించి, విడాకులు అయినట్టేనని ప్రకటించమంటూ ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషన్ అడగండి. డిక్లరేషన్‌కు మూడేళ్ల గడువు ఉంది, మీ హక్కును ఆమె వైపు వారు మొదటిసారి ఎప్పుడు కాదన్నారో లాయరుకు తేదీతో చెప్పండి. డిక్రీ చేతికి వచ్చేదాకా ముహూర్తం పెట్టించకండి. కొత్త సంబంధం వాళ్లకు కూడా ఉన్న విషయం ఇప్పుడే చెప్పండి.